రెండు తోస్తే అటొకటి, ఇటొకటి

ముందు వార్త చెప్పేస్తాను. అది చెప్పకుండా మిగతాది కుదురుగా రాయడం నా వల్ల కాదు. ఈ సెమిస్టరు నుంచి ఫిజిక్స్ ఆనర్స్ పిల్లలకి గణిత పద్ధతుల పేపరు నేను చెబుతున్నాను! కలకత్తాలో టైంటేబుల్ని రుటీన్ అంటారు. ఆ రుటీన్ కాగితం నోటీసు బోర్డు మీద అంటించగానే, నా పేరు పొడి అక్షరాలున్న గడిని మూడు ఫొటోలు తీశాను. ఒకటి కొంచెం చెదిరింది, అయినా దాన్నీ ఉంచుకున్నాను. మా ఇంటి నుంచి కాలేజీ గేటు దాటిన మొదటి మనిషిని నేనే. ఇదే పేపరు తప్పి, ఆనర్సు సగంలో వదిలేయబోయిన మనిషినీ నేనే. ఇవాళ పొద్దున్న మొదటి క్లాసు చెప్పి వచ్చాను. గొంతు బొంగురుపోయింది. కుచ్చిళ్ళ నిండా సుద్దపొడి. అన్నానికి రమ్మని అమ్మ ఇప్పటికి రెండుసార్లు పిలిచింది. వెళ్తాను, ముందు ఇది రాయాలి.

నేను చదువుకునే రోజుల్లో మేం హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనకాల చిన్న సిమెంటు పెరడు, పెరటి గోడ అవతల యార్డు. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే మోత మా చెవులకి ఆనేది కాదు. అది ఆగిపోయినప్పుడే ఏమైందా అని తలెత్తి చూసేవాళ్ళం. మా నాన్న యోహాను పట్టాల గ్యాంగుకి మేటు. పదిపన్నెండు మందిని వెంటబెట్టుకుని తన వంతు లైను చూసుకోవడం, కంకర సర్దించడం, పక్కకి జరిగిన పట్టాని మళ్ళీ దారిలో పెట్టించడం ఆయన పని. శ్రీకాకుళం దగ్గరి పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివి, మీసాలు రాకముందే ఇటు రైలెక్కేశాడు. ఆయన చొక్కాకి ఎండలో కాగిన ఇనుము వాసన, గ్రీజు వాసన. పెరట్లో అమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసన వాటిమీద కలిసేది. ఆ మూడూ కలిస్తే నాకు ఇల్లు. ఇప్పుడు కూడా ఎక్కడైనా గ్రీజు వాసన తగిలితే ఆకలేస్తుంది.

తెల్లవారుతూండగానే నాన్న లేచేవాడు. పెరటి గడప మీద కూర్చుని చోడిపిండి అంబలి, పచ్చి ఉల్లిపాయ, కాల్చిన నెత్తళ్ళు. అమ్మ చిన్న ప్రార్థన చేసేదాకా గిన్నె ముట్టుకునేవాడు కాదు, ప్రార్థన కొంచెం సాగితే మాత్రం గొంతు సవరించుకునేవాడు. ఆయనకి ఇంకో అలవాటుండేది. దేన్ని చూసినా వేలి కణుపుతో టకటకమని కొట్టేవాడు. లైను మీద సుత్తితో కొట్టి, చప్పుడు విని, పట్టా గట్టిగా ఉందో లేదో పసిగట్టడం ఆయనకి రోజూ పనే కదా, ఇంట్లోనూ అదే. తలుపు చెక్క, నీళ్ళ డ్రమ్ము, సంతలో కొనబోయే కుండ, చివరికి నా పలకల సంచీ. "అది పట్టా కాదు, మట్టి కుండ. ఒగ్గీ" అని అమ్మ కసురుకునేది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు. తెలుగు చదవడం అమ్మ తన బైబిలు ముందు కూర్చోబెట్టి నేర్పింది. అందుకే నా రాతలో ఇప్పటికీ ఆదివారం గుడి వినిపిస్తుందని నాన్న ఏడిపిస్తాడు.

అలాంటి ఇంట్లోంచి ఫిజిక్స్ ఆనర్సులో సీటు తెచ్చుకున్నాను. లోకల్ రైల్లో హౌరా దాకా, అక్కణ్ణుంచి లాంచీలో గంగ దాటి, ఆ పైన నడక. లాంచీ మీద గాలికి ఎగిరే నోట్సు పేజీల్ని టిఫిన్ డబ్బాతో అదిమి పట్టుకుని బట్టీపట్టేదాన్ని. గణిత పద్ధతుల పేపరు చెప్పేది కాకలీ మ్యామ్. సన్నగా, పొట్టిగా ఉండేది, బోర్డు పైభాగం అందక సగం కిందే రాసేది. మిగతా పేపర్లన్నిటికీ కావలసిన పనిముట్లు ఈ పేపర్లోనే ఉంటాయని మొదటి రోజే చెప్పింది: వెక్టర్లు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఏ ఆకారాన్నైనా అలలుగా విడగొట్టే సిరీసులు. పక్క బెంచీ వాళ్ళలో కొందరి నాన్నలు ప్రొఫెసర్లు, డాక్టర్లు. వాళ్ళు చెయ్యెత్తి ప్రశ్నలడిగేవాళ్ళు. నాకు చెయ్యి లేచేది కాదు. నేను చేసిందల్లా బోర్డు మీదున్న ప్రతి లెక్కనీ రెండు రంగుల సిరాతో నోట్సులోకి ఎక్కించడం, మక్కీకి మక్కీ నేర్చుకోవడం. లెక్క మొదటి లైను చూస్తే నా నోట్సులో ఏ పేజీయో చెప్పగలిగేదాన్ని. అదే చదువనుకున్నాను.

మొదటి సెమిస్టరులో ఆ పేపరు పోయింది. అత్తెసరుతో పోవడం కాదు, బాగానే పోయింది. మ్యామ్ జవాబు పత్రాలు చూపించింది. పెద్ద లెక్క ఒకటుంది: ఒక ఇనుప కమ్మీ, రెండు చివర్లలో వేడి ఎంతో ఇచ్చారు, మధ్యలో ఎలా మారుతుందో కనుక్కోవాలి. ఒక చివర మంచులో, రెండోది మరిగే నీళ్ళలో ఉందని ప్రశ్నలోనే రాసుంది. నా జవాబులో మాత్రం రెండు చివరలూ మంచులోనే ఉన్నాయి. నా నోట్సులో అలా ఉంది మరి. మూడు పేజీలు అందంగా రాశాను. మార్జిన్లో ఎర్ర సిరాతో మ్యామ్ ఒక్క మాట రాసింది: ఎందుకు?

ఆఫీసులో ఒక గుమాస్తా బాబు నా మీద జాలిపడి దారి చెప్పాడు. వచ్చే సెమిస్టరు చివర ఈ పేపరు మళ్ళీ రాయొచ్చు. మళ్ళీ తప్పితే ఆనర్సూ పోతుంది, ఏడాదీ పోతుంది. ఇప్పుడే ఆనర్సు లేని పాస్ కోర్సుకి మారిపోతే ఏదో ఒక డిగ్రీ చేతికొస్తుంది. దానికో ఫారం, ఇంటి పెద్ద సంతకం, నెలాఖరు గడువు. అమ్మతో చెప్పాను. అమ్మ నెత్తళ్ళు తిరగేస్తూనే వింది.

"ఓలే, ఫెయిలైతే అయినావు. మీ నానకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

"నేనే చెబుతానమ్మా."

"ఎప్పుడు?"

"ఆదివారంలోగా."

"ఆదివారం గుడికెల్లినాక సంఘం ముందర నాను సెప్పీస్తాను, సూస్కో" అంది అమ్మ. చెప్పేస్తుంది కూడా. అందుకని శనివారం నాన్న క్యారియరు నేను పట్టుకెళ్తానన్నాను. పదిమందిలో ఆయన నన్ను అరవడని నా ధైర్యం. ఫారం క్యారియరు గిన్నెల కింద మడిచి పెట్టుకున్నాను.

ఆ రోజు యార్డు అవతల, కాలవ వంతెన ముందరి వంపులో పని. రెండు గంటలు రైళ్ళు ఆపి లైనుని గ్యాంగు చేతికిచ్చారు. నేను వెళ్ళేసరికి నాన్న నా మొహం కూడా చూడలేదు. "క్యారియరు నీడలో ఎట్టు. కూకో. రైలొచ్చీలోగా అయిపోవాల" అన్నాడు. ఫారం సంగతి ఎత్తబోయాను. "కాయితమా? తర్వాత" అన్నాడు. నేను కంకర గుట్ట మీద కూర్చున్నాను. పని లేక చూడ్డం మొదలుపెట్టాను. పుట్టినప్పట్నుంచీ పట్టాల పక్కన పెరిగినదాన్ని, వాళ్ళు చేసే పనిని అలా చూసింది మాత్రం ఆ రోజే.

ఇద్దరు మనుషులు ఒక నైలాను తాడుని రెండు చివర్లా పట్టాకి ఆనించి బిగించి పట్టుకున్నారు. వంపులో పట్టా బయటికి వంగి ఉంటుంది, తాడు తిన్నగా ఉంటుంది, మధ్యలో ఖాళీ వస్తుంది. మూడో మనిషి ఆ ఖాళీని స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లు అరిచి చెబుతాడు. నాన్న సుద్దతో పట్టా పక్క మీద రాస్తాడు. తాడుని సగం ముందుకి జరిపి మళ్ళీ కొలత. వంపు అంతా ఒకే తీరుగా ఉంటే అంకెలు ఒకేలా వస్తాయి. ఒక చోట అంకె ఎక్కువొస్తే పట్టా అక్కడ గూనిగా పొడుచుకొచ్చినట్టు. ఆ రోజు ఒకచోట బాగా ఎక్కువొచ్చింది. గునపాలు పట్టుకున్న వాళ్ళలో పెద్దవాడు సింహాచలం మావయ్య, నాన్న ఊరివాడే, ఉత్సాహంగా ముందుకొచ్చాడు.

"ఉన్నదంతా ఒక్కసారే లోనికి తోసీద్దాం యోహానూ. బేగి టీకెల్లిపోవచ్చు."

"తోసీ. తోసీసి, పక్క సుద్ద గుర్తు కాడ నువ్వే కొల్చు. గూని ఇక్కడ పోయి అక్కడికెల్లి కూకుంటాది. ఇక్కడ రెండు తోస్తే ఇక్కడ రెండు తగ్గుద్ది, అటొకటి ఇటొకటి పెరుగుద్ది. ఎన్నేళ్ళు సెప్పాల నీకు?"

"సెప్పడానికే కదా నీకు మేటు జీతం. నాది తోసే జీతం. పోనీ మిగిలినదంతా ఆ సివర బిర్జి కాడ సర్దీద్దామా?"

"బిర్జి మీ బాబు కట్టించినాడేటి, జరపడానికి? అది కదల్దు. కదల్దని ముందు రాసుకో, తర్వాత మిగతావి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, లేచి నిలబడ్డాను. ఆ పెరగడం తగ్గడం చూపించడానికి నాన్న సుద్దతో పట్టా మీద రాసిన మూడు అంకెలు చూస్తున్నాను: ఒకటి, మైనస్ రెండు, ఒకటి. ఆ వారమే కొత్త సెమిస్టరు క్లాసులో కాకలీ మ్యామ్ బోర్డు మీద రాసిన వరస అది! ఒక గీత ఏ బిందువు దగ్గర ఎంత వంగుతోందో తెలియాలంటే, ఎడమ పక్కదీ కుడి పక్కదీ కలిపి, అందులోంచి మధ్యదాన్ని రెండుసార్లు తీసెయ్యమంది. సెకండ్ డెరివేటివ్ అంటే ఇదే, కంప్యూటరుకి ఇలాగే చెప్పాలి అంది. నేను ఎర్ర సిరాతో రాసుకుని, చుట్టూ డబ్బా కట్టి, పేజీ తిప్పేశాను. ఇప్పుడది ఎండలో నా ముందు ఉంది, ముగ్గురు మనుషులు దాన్ని తాడుతో పట్టుకుని నిలబడ్డారు.

"నాన, ఆ ఒకట్లు ఎక్కణ్ణించొచ్చాయి?"

"ఎక్కణ్ణించేటి? ఇక్కడ పట్టా కదిల్తే పక్కోడి తాడు సివర కూడా కదిలినట్టే కదా. తాడు సివర రెండు కదిల్తే నడిమికి సగమే తెలుస్తాది."

ఒక్క వాక్యం. దానికోసం నేను నలభై పేజీలు బట్టీపట్టి ఉన్నాను.

రైళ్ళు మళ్ళీ కదిలాక రేగు చెట్టు నీడలో అన్నాలకి కూర్చున్నారు. నాన్న చెయ్యి చాపాడు. "ఆ కాయితమేదో అన్నావు, తే."

ఇవ్వలేదు. గిన్నె మూతని చూస్తూ చెప్పాను. "ఫెయిలయ్యాను నాన."

ఆయన నమలడం ఆపాడు. "దేన్లో?"

"లెక్కల పేపర్లో."

"లెక్కల్లో ఎక్కడ?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. ఆఫీసువాళ్ళు ఎన్ని మార్కులన్నారు, స్నేహితురాళ్ళు అయ్యో అన్నారు. ఎక్కడ అని అడిగినవాడు మా నాన్న. కమ్మీ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఒక సివర మరిగే నీల్లలో ఉందని ఆల్లే సెప్పినారు కదే. నువ్వెందుకు సల్లగా ఉంచీసినావు?"

"నోట్సులో అలాగే ఉంది."

సింహాచలం మావయ్య ముద్ద చేత్తో పట్టుకునే ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఓరి బాబో! మేటు కూతురు బిర్జిని జరిపీసినాదిరోయ్!"

నాన్నకి నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళొచ్చి, పొలమారి, ఎవరో వీపు చరచాల్సొచ్చింది. నేనూ నవ్వాను. నెల రోజుల్లో అదే మొదటి నవ్వు. తర్వాత ఆయన చెయ్యి కడుక్కుని, ఫారం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. "సంతకానికేటి, ఎప్పుడైనా ఎట్టొచ్చు. ముందు ఏటేటి రానేదో నాకు సెప్పు" అన్నాడు. నెలాఖరు దాటాక ఒక రోజు అమ్మ ఆ చొక్కా ఉతికితే జేబులోంచి ఫారం తెల్లటి ముద్దగా వచ్చింది. ఇక వెనక్కి దారి లేదని నాకు అర్థమైంది. భయం వేసింది. ఆనర్సు పోతే నాకొక్కదానికే కాదు, ఆ గడప మీద అంబలి తాగే మనిషికీ పోతుంది.

ఆ తర్వాత పొద్దుటి గడప నా బడైపోయింది. అంబలి గిన్నె పక్కన నోట్సు పెట్టుకుని ఒక్కొక్క సూత్రం నాన్నకి తెలుగులో చెప్పాలి. ఆయన ప్రతిదానికీ ఒకటే అడిగేవాడు: "ఇది దేంతో కొలుస్తారు?" సగం వాటికి నాకు తెలిసేది కాదు. తెలుసుకోవడానికి పుస్తకాన్ని మొదట్నుంచి చదవాల్సొచ్చేది. అలా చదవొచ్చని కూడా నాకు అప్పుడే తెలిసింది. అమ్మ మధ్యలో వచ్చి, "డ్యూటీకెల్తావా, డిగ్రీకెల్తావా?" అని గిన్నె లాక్కునేది. ఒక రోజు మైనస్ ఒకటికి వర్గమూలం దగ్గర ఇద్దరం ఇరుక్కుపోయాం. నాన్న చాలాసేపు ఆలోచించాడు. "ఇది నా తాడుకి అందదు. మీ మేడమ్మునే అడుగు. ఆవిడకీ సెప్పడానికే కదా జీతం?"

ఆ ధైర్యంతో మొదటిసారి స్టాఫ్ రూములో అడుగుపెట్టాను. కాకలీ మ్యామ్ కాగితం పొట్లంలోంచి మరమరాలు తింటోంది. ప్రశ్న అడిగాను, చెప్పింది, అర్థమైంది. అంత తేలిక! వచ్చేయబోతూ ఆగి, పట్టా సంగతి కూడా చెప్పేశాను. తాడు, సుద్ద, అటొకటి ఇటొకటి. ఆవిడ మరమరాలు పక్కన పెట్టింది.

"ఎవరు చెప్పారిది? పుస్తకంలో ఉందా?"

"మా నాన్న, మ్యామ్."

"ఇంజినీరా?"

"కాదు మ్యామ్. గ్యాంగు మేటు."

కుర్చీ జరిపి నాకు చోటిచ్చింది. "కూర్చో. మళ్ళీ చెప్పు, నెమ్మదిగా. నాకిది తెలీదు." కాలేజీలో టీచరు నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. పట్టా ఎంత జరిపినా అంకెల మొత్తం మారదని నాన్న అనేవాడు, పని సరిగ్గా అయిందో లేదో ఆయన అలాగే సరిచూసుకునేవాడు. అదెందుకో ఆవిడ రెండు లైన్లలో తేల్చింది. జరిపినచోట రెండు పోతే పక్కల ఒకటీ ఒకటీ వచ్చాయి, మొత్తానికి సున్నా. ఆ కాగితం మర్నాడు గడప మీద పరిచాను. "మొత్తం మారదని ముప్పైయేల్లుగా తెల్సు నాకు. ఎందుకు మారదో ఇయ్యాల తెల్సింది. ఆ మేడమ్ముకి దండాలని సెప్పు" అన్నాడు నాన్న. చెప్పాను. ఆవిడ కూడా తిరిగి దండాలంది.

పరీక్ష మళ్ళీ రాశాను. ఫలితాలొచ్చిన రోజు హౌరా స్టేషన్లో, మనుషుల తోపులాటలో, ఒక స్తంభానికి ఆనుకుని ఫోన్లో చూసుకున్నాను. పాస్! పేరు సరిగ్గా ఉందో లేదో నాలుగుసార్లు చూశాను. నాన్నకి ఫోను చేస్తే అవతల గునపాల చప్పుడు.

"నాన, పాసయ్యాను! ఆనర్సు ఉంటుంది!"

నాన్న వెంటనే అవతల ఎవరికో అరిచి చెప్పాడు, పదిమంది ఒక్కసారి కేకేశారు, సింహాచలం మావయ్య గొంతు అన్నిటికన్నా పైన. ఆ గోల సద్దుమణిగాక నాన్న నెమ్మదిగా అడిగాడు. "మంచిది తల్లీ. మరి పోయిన మార్కులు ఎక్కడ పోనాయి?"

ఇంటికెళ్ళాక కూర్చుని అవి కూడా చూశాం.

అదంతా జరిగి చాలా ఏళ్ళేం కాలేదు, కానీ చాలా దూరం వచ్చినట్టుంది. నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఇచ్చేసి ఆ దగ్గర్లోనే అద్దెకుంటున్నాం, నెత్తళ్ళు డాబా మీదికెక్కాయి. ఇప్పుడు పట్టా వంపుని కొలిచే బండ్లున్నాయి, మెషీనే గీత గీసి ఇస్తుంది. నాన్నకి ఆ కాగితం ఒకటి దొరికితే గంటసేపు చూసి, "బాగానే సెప్తాది, ఎండ తగలదు పాపం" అన్నాడు. నా విద్యార్థులకి ప్రతి లెక్కకీ ఫోన్లో వీడియో ఉంది. నాకు రెండు రంగుల సిరా ఉండేది. సౌకర్యం వాళ్ళకే ఎక్కువ, సందేహం లేదు. కానీ పొద్దున్న తలుపు తీసి లోపలికెళ్ళగానే వెనక బెంచీల్లో ఆ మొహాలు గుర్తుపట్టాను. పెన్ను మూత తీసి, చెప్పిందల్లా ఎక్కించుకోడానికి సిద్ధంగా, చెయ్యి మాత్రం లేవని మొహాలు.

అందుకని ముందు బోర్డు మీద ఏమీ రాయలేదు. మీ ఇంట్లోవాళ్ళు చేతుల్తో ఏ పని చేస్తారు, చెప్పండి అన్నాను. బ్యాంకు అన్నారు, టీచరన్నారు. చివరి వరసలో, దర్జీల పేట మటియాబుర్జు నుంచి వచ్చే రుక్సానా తల దించుకుని, "ఏం లేదు మ్యామ్, మామూలు పనే. అమ్మీ కుర్తాలు కత్తిరిస్తుంది" అంది. చేతి దగ్గర ఆ గుండ్రటి వంపు దేంతో గీస్తుంది మరి, అని అడిగాను. కూర్చునే చెప్పబోయింది. మాటలు చాలక చేతులు గాల్లోకి లేచాయి. అవీ చాలక లేచి వచ్చింది. అంగుళానికో చుక్క పెడుతుందట, పక్క చుక్కలు చూసుకుని మధ్యదాన్ని జరుపుతుందట, భుజం కుట్టు, చంక కుట్టు మాత్రం ఎక్కడివక్కడే ఉండాలట. నా చేతిలోంచి సుద్ద ఎప్పుడు తీసుకుందో నేను చూసుకోలేదు. ముందు వరస అబ్బాయి అలా ఎందుకని అడిగితే, "అరే, చూడు ముందు!" అని కసిరింది. గంట కొట్టేశారు. తర్వాతి క్లాసు సారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఇంకొక్క నిమిషం మ్యామ్" అంది, నా వైపు తిరగకుండానే. నేను వెళ్ళి చివరి వరసలో, ఆ పిల్ల ఖాళీ చేసిన చోట కూర్చున్నాను.